నంబరు అక్క పేరు మీదుంది

ఆ ఎండాకాలం మొదట్లో మా బావ ఫోను నీళ్ళ బకెట్లో పడి చచ్చింది. ఎవరి మేడ మీదో ఏసీ కడుగుతూ, చొక్కా పై జేబులో ఫోను పెట్టుకుని వంగాడట. నేనక్కడ ఉండి ఉంటే ఫోనుతో పాటు మనిషిని కూడా ముంచేదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. అప్పటికి ఏడాది దాటింది, మా అక్క తన కూతురి గొంతు విని.

"పది రోజులు మీ అమ్మ దగ్గర ఉండి రా" అని అక్కని పంపించి, పదకొండో రోజుకి తలుపు తాళం మార్చేశాడు ఆ మహానుభావుడు. ఐదేళ్ళ పాపని మాత్రం తన దగ్గరే అట్టిపెట్టుకున్నాడు. తన ఫోన్లో, వాళ్ళమ్మ ఫోన్లో అక్క నంబరు బ్లాక్ చేశాడు. లాయరు వాయిదాల మీద వాయిదాలు చెబుతున్నాడు. స్కూలు గేటు దగ్గరికి వెళ్తే వాచ్‌మన్, "తండ్రి చెబితేనే చూపించమన్నారమ్మా" అని చేతులు నలుపుకున్నాడు. అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. రోజూ సాయంత్రం ఆరున్నరకి ఇంటికొచ్చి, చేతులైనా కడుక్కోకుండా బావ నంబరు నొక్కేది. ఒక్క రింగు వచ్చి కట్టయ్యేది. అక్క ఫోను బల్ల మీద పెట్టి అప్పుడు చేతులు కడుక్కునేది. పక్క గదిలో కూర్చుని నేను పళ్ళు నూరుకునేదాన్ని. అంతకుమించి చెయ్యడానికి నాకేం దొరకలేదు, ఆ సోమవారం దాకా.

నాది ఫోన్ కంపెనీ సర్వీసు ఆఫీసులో మూడో కౌంటరు. సిమ్ పోయినవాళ్ళు, ఫోను మార్చినవాళ్ళు, కొత్త ఫోన్లో నంబరు పనిచెయ్యక తల పట్టుకున్నవాళ్ళు నా దగ్గరికే వస్తారు. ఆ సోమవారం నలభై ఒకటో టోకెన్ పిలిచి తలెత్తితే, ఎదురుగా బావ. చంకలో కొత్త ఫోను డబ్బా, మొహం నిండా నవ్వు.

"ఏం చిట్టీ, ఇంకా ఇక్కడే ఉన్నావా? మంచిదైంది. కొత్త ఫోను కొన్నా. పాత సిమ్ పెడితే నెట్‌వర్క్ రావట్లేదు. త్వరగా చూడు, అవతల ఎండలు మండిపోతున్నాయి. ఇప్పుడు కదా మాకు పని."

"టోకెన్ ఇలా ఇవ్వండి సార్" అన్నాను.

'సార్' అనేసరికి నవ్వు సగానికి తగ్గింది. టోకెన్ తోశాడు.

ఆయన తొందర నాకు అర్థమైంది. ఊళ్ళో సగం ఏసీల మీద ఆయన నంబరు స్టిక్కరు ఉంటుంది. మా ఆఫీసులో నా నెత్తి మీదున్న ఏసీ మీద కూడా ఉంది. ఏసీ చెడిపోయినవాడు డైరీలు వెతకడు, తలెత్తి ఆ స్టిక్కరు చూసి ఫోను చేస్తాడు. మా మేనేజరు గారు కూడా రెండు రోజులుగా అలాగే చేస్తున్నారు, ఎందుకంటే మా ఏసీ శనివారం నుంచి పనిచెయ్యడం లేదు.

నంబరు కొట్టాను. స్క్రీన్ మీద మా అక్క ఫోటో వచ్చింది. తొమ్మిదేళ్ళ కిందటిది. పక్కన అక్క పేరు, అక్క పుట్టినరోజు, మా అమ్మ ఇంటి అడ్రసు. పెళ్ళైన కొత్తలో బావకి ఫలానా చోట ఉంటున్నానని చెప్పుకోవడానికి కాగితం ముక్క కూడా లేకపోతే, అక్క కాగితాలిచ్చి సిమ్ తీసుకున్నారు. తర్వాత ఆ సంగతి ఇద్దరూ మర్చిపోయారు. రీచార్జ్ చేసేవాడిదే నంబరని అనుకోవడం జనానికి మామూలే, నా కౌంటరుకి వచ్చేవాళ్ళలో సగం మంది ఈ తప్పే చేసి వస్తారు.

తడిసిన సిమ్ ఇక లేవదు. దాని బదులు కొత్త సిమ్ ఇవ్వాలంటే ఎవరి పేరు మీదుందో ఆ మనిషే వచ్చి వేలిముద్ర వెయ్యాలి. ఈ రెండు ముక్కలూ చెప్పి పంపించడానికి అరనిమిషం చాలు. నా కడుపులో ఏడాదిగా ఉన్న మంట ఒక్కసారిగా చల్లబడింది. నేను చెప్పలేదు.

"ఫోను ఆపేసి, పది నిమిషాలాగి, మళ్ళీ ఆన్ చెయ్యండి సార్. అదిగో, ఆ కుర్చీలో కూర్చోండి."

చచ్చిన ఏసీ కింద కుర్చీ అది. ఏసీ మెకానిక్ అక్కడ కూర్చుని చెమటలు కారుస్తుంటే నేను నలభై రెండు, నలభై మూడు, నలభై నాలుగు పిలిచాను. పది నిమిషాలకి లేచి వచ్చాడు. రెండో స్లాటులో పెట్టి చూడమన్నాను. చూశాడు. నెట్‌వర్కుని చేత్తో వెతకమన్నాను. వెతికాడు. పాత ఫోన్లో దాచుకున్న కస్టమర్ల పేర్లయినా కొత్త ఫోన్లోకి వస్తాయేమో చూడమన్నాను. అవి రావాలంటే కోడ్ కావాలంది ఫోను.

"కోడ్ ఎక్కడికొస్తుంది?"

"మీ నంబరుకే సార్."

"ఆ నంబరే కదా పనిచెయ్యట్లేదు!"

"అందుకే ముందు నంబరు పనిచెయ్యాలి సార్."

నన్ను కొట్టేలా చూశాడు. నేను తర్వాతి టోకెన్ పిలిచాను. మంగళవారం, లోపం ఫోన్లోనే ఉందేమోనని చెప్పి కొన్న షాపుకి పంపించాను. అది ఊరికి ఆ చివర. మిట్టమధ్యాహ్నం వెళ్ళి, ఫోను నిక్షేపంలా ఉందని రాయించుకుని సాయంత్రానికి తిరిగొచ్చేసరికి మా షట్టరు సగం దించి ఉంది. బుధవారం సిస్టమ్ స్లోగా ఉందని కూర్చోబెట్టాను. ఆ మూడు రోజులూ ఎండ ఎలా కాసిందంటే, రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంది. ఆ ఎండకి ఊళ్ళో ఎన్ని ఏసీలు మొరాయించి ఉంటాయో, ఎంతమంది తలెత్తి స్టిక్కరు చూసి, ఫోను చేసి, పలక్కపోతే ఇంకొకణ్ణి వెతుక్కుని ఉంటారో కూడికలు వేసుకుంటూ హాయిగా భోంచేశాను.

బుధవారం సాయంత్రం ఇక ఆగలేక అక్కకి చెప్పేశాను. చప్పట్లు కొడుతుందనుకున్నాను.

"మూడు రోజుల నుంచా?" అంది.

"మూడే. ఇంకో పది రోజులు తిప్పుతా చూడు. మూడు చెరువుల నీళ్ళు తాగించకపోతే నా పేరు చిట్టే కాదు."

"పాప స్కూల్లో పడిపోయిందనుకో. వాళ్ళు ఏ నంబరుకి చేస్తారే?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. బావ మొహం తప్ప ఈ మూడు రోజులూ నాకింకేదీ కనపడలేదు.

"రేపు ఉన్నది ఉన్నట్టు చెప్పెయ్. ఎవరొచ్చి వేలు వెయ్యాలో కూడా చెప్పు" అంది అక్క. తర్వాత, "రోజూ ఎన్నింటికొస్తాడు?" అని అడిగింది.

గురువారం పొద్దున పదిన్నరకి చెప్పాను. "ఈ నంబరు మీది కాదు సార్."

ముందు నవ్వాడు. తర్వాత ఒంటికాలి మీద లేచాడు. తొమ్మిదేళ్ళుగా రీచార్జ్ ఎవడు చేస్తున్నాడన్నాడు, ఊరంతా స్టిక్కర్లు ఎవడు అంటించాడన్నాడు, మూడు రోజులు కావాలనే తిప్పానని మేనేజరు గారికి వినపడేలా అరిచాడు. మేనేజరు గారు వచ్చి స్క్రీన్ చూసి, "రికార్డులో పేరు ఆవిడదే ఉంది సార్. ఆవిడ రావాల్సిందే" అని, నా వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయారు. ఆ చూపుకి మెమో రూపం రావడానికి వారం పట్టింది.

బావ కుర్చీలో కూలబడ్డాడు. గొంతు తగ్గించాడు.

"చిట్టీ. మీ అక్క నంబరు చెప్పు."

"మీ దగ్గర లేదా సార్?"

"పాత ఫోన్లో ఉంది."

ఉంది, బ్లాక్ చేసినవాటిలో. ఎనిమిదేళ్ళు కాపురం చేసి, పెళ్ళాం నంబరు పది అంకెలు గుర్తులేవు ఆయనకి.

"కస్టమర్ల వివరాలు బయటివాళ్ళకి చెప్పం సార్" అన్నాను. నా ఉద్యోగంలో నాకు అంత ఇష్టమైన మాట ఇంకొకటి లేదు.

అప్పుడే తలుపు తోసుకుని అక్క వచ్చింది. దుకాణంలో వేసుకునే నీలం కోటుతోనే వచ్చింది, జేబులో చిన్న స్క్రూడ్రైవరు కూడా ఉంది. మా ఇద్దరి వైపూ చూడకుండా మెషిను దగ్గరికెళ్ళి టోకెన్ తీసుకుని, వరసలో కూర్చుంది. బావ లేచి దగ్గరికి వెళ్ళబోయి, ఏమనుకున్నాడో ఆగిపోయాడు. ఆమె ముందు ఇంకా ఆరుగురున్నారు. ఆ ఆరుగురి పనీ తీరిగ్గా చేశాను.

"చెప్పండి మేడమ్" అన్నాను అక్కతో.

"నా సిమ్ తడిసి పాడైందండి. అదే నంబరుతో కొత్తది కావాలి."

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. వేలిముద్ర మెషిను ముందుకి తోశాను. అక్క బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు. అద్దాలు అరగదీసి అరగదీసి అక్క వేళ్ళ మీద గీతలే మిగల్లేదు, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. రెండోసారి పెట్టింది. మళ్ళీ ఎర్ర లైటు. మూడోసారి కూడా తప్పితే ఆ రోజుకి సిస్టమ్ మూసేస్తుంది.

"గట్టిగా నొక్కు" అన్నాడు బావ, వెనకనుంచి. ఏడాది తర్వాత అక్కతో ఆయన అన్న మొదటి మాట అది.

అక్క తిరిగి చూడలేదు. జేబురుమాలుతో ఎడమచెయ్యి తుడుచుకుని, ఉంగరపు వేలు పెట్టింది. ఆకుపచ్చ లైటు వెలిగింది. బావ బుస్సుమని గాలి వదిలి, డబ్బాలోంచి కొత్త ఫోను తీసి చెయ్యి చాపాడు.

"ఇటివ్వు."

అక్క తన సంచీలోంచి తన ఫోను తీసింది. స్క్రూడ్రైవరు మొనతో సిమ్ గూడు నొక్కి తెరిచి, ఖాళీగా ఉన్న రెండో చోట కొత్త సిమ్ పెట్టి మూసింది.

"అదేంటి?" అన్నాడు బావ.

"నంబరు నాది" అంది అక్క.

ఆ తర్వాత అరగంట ఆయన ఎన్ని మాటలన్నాడో రాయను. మేనేజరు గారు మళ్ళీ వచ్చారు, మళ్ళీ అదే చెప్పారు. నంబరు పనిచెయ్యడానికి నాలుగు గంటలు పడుతుంది. అక్క వెళ్ళి అదే చచ్చిన ఏసీ కింద కూర్చుంది. బావ కూడా కూర్చున్నాడు, రెండు కుర్చీలు వదిలి. నంబరు ఆమె ఫోన్లో ఉన్నంతసేపూ ఆయన ఎక్కడికి పోగలడు?

మూడుంపావుకి మొదటి కాల్ వచ్చింది. నేను పని ఆపేసి వింటున్నాను. "ఆయన పోయాడండి" అని చెప్పాలని నా కోరిక. అక్క మాత్రం, "చెప్పండి. ఏసీనా? చల్లగా రావట్లేదా, నీళ్ళు కారుతున్నాయా? అడ్రసు చెప్పండి" అంటూ టోకెన్ కాగితం వెనక రాసుకుంది. కాల్ మీద కాల్. ఐదు అడ్రసులయ్యాక కాగితం పట్టుకుని బావ ముందు నిలబడింది.

"ఇవి ఇవాళ్టివి. సాయంత్రం ఆరున్నరకి పాప చేత నాకు ఫోను చేయించు. మాట్లాడితే రేపు పొద్దున ఎనిమిదింటికి చెయ్యి, రేపటివి చెప్తాను."

"బెదిరిస్తున్నావా?"

"అవును" అంది అక్క.

నేను పుట్టినప్పటి నుంచి ఎరిగిన అక్క నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. మూడు రోజుల నా కుట్రంతా ఆ ఒక్క 'అవును' ముందు పిల్లచేష్టలా కనిపించింది. బావ కాగితం లాక్కుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ తన స్టిక్కరున్న ఏసీ వైపు కూడా చూడలేదు. మాకది ఇంకో వారం పనిచెయ్యలేదు.

సాయంత్రం ఆరున్నరకి అక్క ఫోను మోగింది, అత్తగారి నంబరు నుంచి. అక్క స్పీకరు పెట్టింది. అవతలనుంచి ఊపిరి తప్ప ఏం వినపడలేదు.

"బుజ్జీ" అంది అక్క.

"నీ ఫోను బాగైందా అమ్మా?"

మేం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం.

"నాన్న చెప్పాడు, నీ ఫోను పాడైపోయిందని. అందుకే చెయ్యట్లేదని. రోజూ అడిగా. రోజూ ఇంకా బాగవ్వలేదన్నాడు."

నేను లేచి గుమ్మం బయటికెళ్ళి నిలబడ్డాను. ఆ క్షణాన బావ నా చేతికి దొరికి ఉంటే ఈ కథ జైలునుంచి రాసేదాన్ని. లోపల అక్క, "బాగైందమ్మా. ఇవాళే బాగైంది" అనడం వినపడింది.

ఆ ఎండాకాలమంతా అలాగే నడిచింది. పొద్దున ఎనిమిదింటికి వాళ్ళమ్మ ఫోన్లోంచి బావ. అక్క అడ్రసులు చదివేది, ఆయన రాసుకునేవాడు. 'ఊఁ', 'మళ్ళీ చెప్పు' తప్ప ఇంకో మాట ఉండేది కాదు. మధ్యాహ్నం దుకాణంలో ఒక చెవికి ఫోను, చేతిలో కళ్ళజోడు. సాయంత్రం ఆరున్నరకి పాప. ఊడిన పన్ను గురించి, మేడ మీద ఈనిన పిల్లి గురించి, నాన్నమ్మ పెట్టే లెక్కల గురించి.

ఒక్కసారి ఆయన మొండికేశాడు. ఆ సాయంత్రం పాప చేత చేయించలేదు. మర్నాడు అక్క ఆ నంబరు గంట మోగకుండా చేసి, ఫోను సొరుగులో పెట్టి తాళం వేసుకుని అద్దాలు అరగదీసుకుంది. రాత్రి భోజనాల వేళ తీసి చూస్తే ముప్పై ఎనిమిది కాల్స్, అందులో పదకొండు బావవే. నేను ఆ అంకెని రెండుసార్లు పైకి చదివాను, కడుపు నిండింది. ఆ తర్వాత ఆయన మళ్ళీ తప్పలేదు.

"ఇన్ని కాల్స్ వస్తున్నాయి కదా, అన్నీ ఇంకో మెకానిక్‌కి ఇచ్చెయ్. వీడు అడుక్కుతినాలి" అని పోరేదాన్ని నేను.

"వాడు చితికిపోయి ఊరు వదిలేస్తే నేను పాపని ఎక్కడ వెతుక్కోవాలే?" అనేది అక్క. నేను మూతి ముడుచుకునేదాన్ని. నా కసి తీరలేదు, తీరిందని అబద్ధం చెప్పను.

మొదటి వాన పడ్డ వారానికే కాల్స్ తగ్గిపోయాయి. రోజుకి నాలుగు, తర్వాత రెండు. ఒక రోజు ఒకటీ రాలేదు. మర్నాడు నా ముందు పదిహేడో టోకెన్ మీద బావ కూర్చున్నాడు, ఈసారి తన సొంత కాగితాలతో.

"కొత్త నంబరు కావాలి. నా పేరు మీద."

నా చేతులు దురద పెట్టాయి. సిస్టమ్ స్లోగా ఉందనొచ్చు, ఫోటో మసగ్గా ఉందనొచ్చు. కానీ ఆయన ఫిర్యాదు మీద వచ్చిన మెమో నా సొరుగులోనే ఉంది, వెనక బల్ల దగ్గరనుంచి మేనేజరు గారు చూస్తున్నారు. ఎనిమిది నిమిషాల్లో పని పూర్తి చేశాను. ఆయన వేలు ఒక్కసారికే పడింది. బావ జేబులోంచి కొత్త స్టిక్కర్ల కట్ట తీసి కౌంటరు మీద పెట్టాడు. నంబరు ముందే ఎంచి పెట్టించుకుని అచ్చు కూడా వేయించుకున్నాడన్నమాట.

"వానాకాలమంతా తిరిగి పాతవి పీకి ఇవి అంటిస్తా. మీ అక్కతో చెప్పు, ఇంక తన అవసరం లేదని. ఆరున్నరలూ ఏడున్నరలూ కూడా లేవని."

చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక, ఆయన అన్నది అన్నట్టే చెప్పాను. అక్క 'ఊఁ' అంది. లాయరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలో కేలెండర్లో చూసింది. ఆరున్నరకి ఫోను బల్ల మీద పెట్టుకుని ఎదురుగా కూర్చుంది. బయట వాన. ఆరూ నలభై అయింది. ఏడయింది. అక్క తనే ఆయన పాత నంబరుకి చెయ్యడానికి కూడా వీల్లేదు, అది తన చేతిలోనే ఉంది. అత్తగారి ఫోనుకి చేస్తే ఆపేసి ఉంది. కొత్త నంబరు నాకు తెలుసు. కస్టమర్ల వివరాలు బయటికి చెప్పకూడదన్న రూలు ఆ రోజు గంగలో కలపడానికి సిద్ధంగా ఉన్నాను. "చెప్పనా అక్కా?" అన్నాను. తల అడ్డంగా ఊపింది. "చేస్తే మళ్ళీ బ్లాక్ చేస్తాడు" అంది. ఆమె మొహం చూడలేక నేను లేచి కిటికీ వేశాను.

ఏడుంపావుకి ఫోను మోగింది. ఎవరిదో తెలియని నంబరు. ఏసీ వాళ్ళేమో అనుకుని స్పీకరు పెట్టి, "చెప్పండి" అంది అక్క, అలవాటు ప్రకారం.

"అమ్మా, నేనే. పై ఇంటి ఆంటీ ఫోన్లోంచి చేస్తున్నా. వానకి మెట్లు తడిగా ఉన్నాయి, మెల్లగా ఎక్కా."

అక్క ఫోను మా ఇద్దరి మధ్యకి జరిపింది. నేనే అడిగాను, "నంబరు ఎవరిచ్చారే నీకు?"

"ఎవరూ ఇవ్వలేదు పిన్నీ. నాన్న పాత నంబరే కదా, నాకు వచ్చు." పది అంకెలూ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. "నాన్నకి కొత్త నంబరొచ్చింది. కాగితం మీద రాసిచ్చి నేర్చుకోమన్నాడు. నేను నేర్చుకోను."

"నేర్చుకోవాలి తల్లీ" అంది అక్క. "స్కూల్లో నీకేమైనా అయితే ఎవరికి చేస్తారు?"

"నీకు."

అవతల, కింది మెట్ల దగ్గరనుంచి మా బావ పాపని పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఒకసారి పిలిచాడు, రెండోసారి గట్టిగా పిలిచాడు. పాప పలకలేదు, ఫోనూ పెట్టలేదు. పిల్లికి ఎన్ని పిల్లలు మిగిలాయో మాకు వరసగా చెప్పడం మొదలుపెట్టింది.